పొరుగువాడి ఓటు: సౌత్ కరోలినాలో ఆరు రోజులు

మొదటి రోజు: 2020 ఫిబ్రవరి 24, సోమవారం

మేముండే షార్లట్ నగరం నార్త్ కరోలినాకు దక్షిణపు అంచున ఉంది. ఇంటి దగ్గర బయలుదేరి కాసేపు కారు నడిపితే చాలు, సౌత్ కరోలినాలోకి వచ్చేస్తాం. సరిహద్దు దాటగానే తగిలే ఒక ఊరి పేరు ఇండియన్ ల్యాండ్. కటాబా ఆదివాసుల భూములను బట్టి ఆ పేరు వచ్చినా, ఈ మధ్య అక్కడ ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలను చూసి, పేరు మరో విధంగా కూడా నిజమైందని మావాళ్లు నవ్వుకుంటూ ఉంటారు.

ఆఫీసుకు వారం రోజులు సెలవు పెట్టి నేనీ ప్రయాణం పెట్టుకోవడానికి కారణం ఒక ఓటు. మార్చి 3న మా రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక (ప్రైమరీ) జరుగుతుంది, అమెరికా పౌరసత్వం తీసుకున్న తరువాత అటువంటి ఎంపికలో నేను వేయబోయేది అదే మొదటి ఓటు. అంతకు మూడు రోజుల ముందు, ఫిబ్రవరి 29న, పక్క రాష్ట్రం ఓటు వేస్తుంది. జో బైడెన్ తన ఆశలన్నీ పెట్టుకున్న రాష్ట్రం అది. అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో అయిదో స్థానం, మొన్న శనివారం నెవాడాలో పార్టీ ఎడమపక్షపు అభ్యర్థి బెర్నీ శాండర్స్‌కు చాలా వెనకబడి రెండో స్థానం దక్కిన మనిషి, దక్షిణాదిలోని ఈ ఒక్క రాష్ట్రంతో పోటీలోకి తిరిగి రాగలనని ఎందుకు నమ్ముతున్నాడో దగ్గరగా చూడాలనిపించింది.

బైడెన్‌ను ఇక్కడి పత్రికలు ‘మోడరేట్’ అంటాయి. దానికి తెలుగు మాట వెతికితే చిక్కు వస్తుంది. మితవాది అంటే చిన్నప్పుడు చరిత్ర పాఠంలో తిలక్‌కు ఎదురుగా నిలబెట్టిన గోఖలే గుర్తొస్తాడు, ఇప్పటి పత్రికల్లోనేమో అదే మాటను కుడిపక్షానికి వాడుతున్నారు. మధ్యేమార్గి అందామంటే గోడమీది పిల్లి వాసన వస్తుంది. ఏ మాట వాడినా, ఒక గీతకు సరిగ్గా నడుమ నిలబడిన మనిషి అన్న బొమ్మే మనసులో పడుతుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు తమంతట తామే నడుమకు నడిచి వస్తారన్నట్టు ఉండే ఆ బొమ్మ సరైనది కాదేమోనన్న అనుమానం నాకు మొదటి రోజే మొదలైంది.

కొలంబియా చేరగానే రాష్ట్ర శాసనసభ ఆవరణకు వెళ్లాను. అక్కడ స్ట్రామ్ థర్మండ్ విగ్రహం ఉంది. 1957లో పౌర హక్కుల బిల్లును అడ్డుకోవడానికి సెనేట్‌లో 24 గంటలకు పైగా ఏకధాటిగా మాట్లాడిన ఆ జాతివివక్షవాది తన ఇంట్లో పనిచేసిన నల్లజాతి యువతి వల్ల ఒక కూతురికి తండ్రి అన్న సంగతి, ఆయన పోయిన తరువాతే లోకానికి తెలిసింది. విగ్రహం కింది రాతిలో ‘నలుగురు పిల్లల తండ్రి’ అని చెక్కిన చోట నాలుగును అయిదుగా దిద్దారు. దిద్దుబాటు ఇప్పటికీ కంటికి తెలుస్తూనే ఉంటుంది. 2003లో ఈ థర్మండ్ అంత్యక్రియల్లో నివాళి ప్రసంగం చేసినవారిలో బైడెన్ ఒకరు. 2019లో ఇదే రాష్ట్రపు మాజీ సెనేటర్ ఫ్రిట్జ్ హోలింగ్స్ పోయినప్పుడు కూడా వచ్చి మాట్లాడారు. అందరి చావుకీ వెళ్లే మనిషిని మన ఊళ్లలో ఎలా గుర్తుపెట్టుకుంటారో నాకు తెలుసు. అయితే థర్మండ్‌కు నివాళి పలికినాయన నల్లజాతి ఓటర్ల అండతో గట్టెక్కాలనుకోవడంలోని వింత ఆ దిద్దిన రాయి ముందు నిలబడ్డప్పుడే నాకు పూర్తిగా తెలిసివచ్చింది.

రాత్రి భోజనం ఇక్కడి విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మాస్టారి ఇంట్లో. ఆయనది గుంటూరు జిల్లా. భోజనాల బల్ల మీదే కాగితం తీసి లెక్క వేశారు.

“న్యూ హాంప్‌షైర్ చూడు నాయనా. ఎడమవైపు శాండర్స్‌కు 25.6 శాతం, వారెన్‌కు 9.2. ఇటు మధ్యవాళ్లలో బూటిజెజ్‌కు 24.3, క్లోబుచార్‌కు 19.7, బైడెన్‌కు 8.4. ఈ ముగ్గురివీ కలిపితే సగం దాటుతుంది. అయినా గెలిచింది శాండర్సే.”

“అంటే మధ్యవాళ్లకు ఓట్లు లేకపోలేదు, ఒక్క పేరే లేదంటారా మాస్టారూ?”

“ఆ పేరు ఎవరిదో ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చగలిగిన ఓటర్లు అయోవాలో లేరు, న్యూ హాంప్‌షైర్‌లో లేరు. ఇక్కడ ఉన్నారు.”

న్యూ హాంప్‌షైర్ ఫలితాల రాత్రి బైడెన్ అక్కడ ఉండకుండా ఈ కొలంబియాకే విమానమెక్కి వచ్చి, దేశంలోని నల్లజాతి ఓటర్లలో 99.9 శాతం మందికి ఇంకా ఓటు వేసే అవకాశమే రాలేదని చెప్పడం వెనుక ఉన్నది కూడా ఇదే లెక్క.

రెండో రోజు: ఫిబ్రవరి 25, మంగళవారం

కొలంబియా నుంచి ఆరెంజ్‌బర్గ్‌కు దాదాపు నలభై మైళ్లు. సౌత్ కరోలినా స్టేట్, క్లాఫ్లిన్ అనే రెండు చారిత్రక నల్లజాతి విశ్వవిద్యాలయాలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. 1968 ఫిబ్రవరి 8న, నల్లవారిని రానివ్వని ఒక బౌలింగ్ ఆటశాలపై మొదలైన నిరసన చివరికి పోలీసు కాల్పుల దాకా వెళ్లి, సౌత్ కరోలినా స్టేట్ ఆవరణలో ముగ్గురు యువకులు చనిపోయారు. వారి స్మారకం దగ్గర కొత్తగా పెట్టిన పూలు ఉన్నాయి.

ఈ వారమంతా ఈ రాష్ట్రం నోట నలుగుతున్న పేరు జేమ్స్ క్లైబర్న్. ఆయన చదివింది ఇక్కడే. 1993 నుంచి ఆరో నియోజకవర్గానికి ప్రతినిధి, అప్పట్లో కాంగ్రెస్ దిగువ సభలో తన పార్టీకి విప్. 1960లో విద్యార్థుల నిరసనలో అరెస్టయినప్పుడు, ఆకలితో ఉన్న ఆయనకు ఒక అమ్మాయి తన హాంబర్గర్‌లో సగం తుంచి ఇచ్చింది. ఆమె పేరు ఎమిలీ, తరువాత ఆయన భార్య అయింది, 2019 సెప్టెంబరులో కన్నుమూసింది. ట్రంప్‌ను ఓడించాలంటే బైడెనే మన ఆశ అని ఆమె అన్నట్టు క్లైబర్న్ తరువాతి రోజుల్లో చెప్పుకున్నారు.

విశ్వవిద్యాలయానికి ఎదురు వీధిలో ఒక చిన్న హోటల్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ, ఆమె మనవడు ఉన్నారు. ఆవిడ ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పిందట. కుర్రవాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. నేను పక్క రాష్ట్రంలో ఓటు వేయాల్సినవాణ్నని, ఎవరికి వేయాలో తేల్చుకోలేక తిరుగుతున్నానని చెబితే ఇద్దరూ నవ్వారు.

కుర్రవాడిది శాండర్స్ పక్షం. చదువు పూర్తయ్యేసరికి తన మీద ఉండబోయే అప్పు ఎంతో డాలర్లతో సహా చెప్పి, దాన్ని రద్దు చేస్తానన్న మనిషిని కాదని ఏమీ మారదన్న మనిషికి ఎందుకు వేయాలని అడిగాడు. ఆవిడ అతని మాటకు అడ్డు చెప్పలేదు. అతను చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నా వైపు తిరిగి ఇలా అంది:

“వాడు చెప్పేదాంట్లో తప్పేం లేదండీ. నాకు ఎవరు నచ్చారన్నది ఒక సంగతి. మా వీధి చివర ఉండే తెల్లాయన నవంబరులో ఎవరికి వేయగలడన్నది ఇంకో సంగతి. నేను వేసేది రెండోదాన్ని బట్టి.”

ఆ మాటను రాత్రి మోటెల్‌కు వచ్చాక అలాగే రాసిపెట్టుకున్నాను, ఎందుకంటే మధ్యేమార్గం అన్నదానికి అంతవరకు నేను విన్న అర్థాలన్నిటికన్నా అది కచ్చితమైనది. ఆవిడ కోరికల్లో మితం ఏమీ లేదు. వైద్యం గురించి, కూలి రేట్ల గురించి ఆవిడ అన్న మాటలు శాండర్స్ వేదిక మీద చెప్పినా చప్పట్లు పడేవే. ఆవిడ ఓటులోని మితమంతా పొరుగువారి గురించి వేసుకున్న అంచనాలో ఉంది. మన పత్రికలు ‘సామాజిక సమీకరణలు’ అని రాసినప్పుడు నాయకుడు పైనుంచి కులాలను, వర్గాలను కూడుతున్నట్టు ధ్వనిస్తుంది. ఇక్కడ ఓటరే ఆ కూడిక వేసుకుంటోంది, అభ్యర్థి చేయగలిగిందల్లా ఆ కూడికలో సరిపోయే అంకెగా నిలబడటం.

2016 దెబ్బ ఇంకా వీళ్ల మనసుల్లో పచ్చిగానే ఉంది. మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ మూడు రాష్ట్రాల్లో కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో డెమోక్రాట్లకు అధ్యక్ష పదవి చేజారింది. 2012లో దాదాపు 67 శాతంగా ఉన్న నల్లజాతి పోలింగు 2016లో 60 శాతం దగ్గరకు పడిపోయింది. అందువల్ల గెలుపు కూటమికి రెండు కాళ్లు కావాలి. డెట్రాయిట్, మిల్వాకీ, ఫిలడెల్ఫియాల్లో ఇంట్లో కూర్చుండిపోయినవారు బూత్‌కు రావాలి, ఆ నగరాల చుట్టూ ఉన్న శివార్లలో రిపబ్లికన్లకు అలవాటుపడ్డ చదువుకున్న తెల్లవారు ఇటు మళ్లాలి. మొదటివారిని ఉత్సాహపరిచే మాట రెండోవారిని బెదరగొట్టకూడదు. చెప్పడానికి ఒక వాక్యమే అయినా, పార్టీ తలనొప్పి అంతా అందులోనే ఉంది.

రాత్రి మోటెల్ ముందుగదిలో, యజమాని అయిన గుజరాతీ పెద్దాయనతో కలిసి ఛార్లెస్టన్‌లో జరిగిన అభ్యర్థుల చర్చను టీవీలో చూశాను. వేదిక మీద ఏడుగురు ఉన్నారు, ఒకరి మాట మీద ఒకరు పడుతూ చాలాసేపు గోల చేశారు. సుప్రీంకోర్టుకు ఒక నల్లజాతి మహిళను తేవాలనుకుంటున్నానని బైడెన్ అన్నది ఈ గోల మధ్యనే. ఆ మాట చెప్పమని విరామంలో గుర్తుచేసింది క్లైబర్న్ అన్న సంగతి తరువాత బయటపడింది. 2022లో కెటాంజీ బ్రౌన్ జాక్సన్ నియామకంతో ఆ మాట నిలబడింది కూడా. ఆ రాత్రి మాత్రం పెద్దాయన దాన్ని పట్టించుకోలేదు. “బ్లూమ్‌బర్గ్ దగ్గర అంత డబ్బుంది కదా, మాట్లాడటం నేర్చుకోకూడదా?” అని విసుక్కుని టీవీ కట్టేశారు.

మూడో రోజు: ఫిబ్రవరి 26, బుధవారం

ఛార్లెస్టన్‌కు వచ్చేసరికి ఊరంతా విలేకరులే. నార్త్ ఛార్లెస్టన్‌లోని ట్రైడెంట్ టెక్నికల్ కాలేజీలో, బైడెన్‌ను పక్కన పెట్టుకుని, క్లైబర్న్ తన మద్దతు ప్రకటించారు. నేను దాన్ని ఒక కాఫీ దుకాణంలో, పనివాళ్లు, పర్యాటకులు కలిసి నిలబడిన చోట టీవీలో చూశాను. “జో మనకు తెలుసు. అంతకన్నా ముఖ్యం, మనం జోకు తెలుసు” అన్నారాయన. దుకాణంలో పాత్రలు తుడుస్తున్న నడివయసు మనిషి గుడ్డ పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. కొన్ని రోజుల క్రితం ఒక అంత్యక్రియల వేళ చర్చిలో కూర్చున్న వృద్ధురాలు, ఎవరికి వేస్తున్నావో నా చెవిలో చెప్పు అని అడిగిందని, బైడెన్‌కు అని చెబితే, ఆ మాట ఇన్నాళ్లూ ఎందుకు దాచావన్నట్టు చూసిందని క్లైబర్న్ చెప్పిన కథ ఆ రోజు నుంచి రాష్ట్రమంతా పాకింది.

ఒక నాయకుడు చెబితే ఓట్లు మళ్లుతాయా అన్నది మనకు పాత ప్రశ్నే. పొత్తుల కాలంలో మనవాళ్లు ‘ఓటు బదిలీ’ అంటారు, బదిలీ అయిందా లేదా అని ఫలితాలు వచ్చాక నెలల తరబడి వాదించుకుంటారు. అక్కడ చూసినదాన్ని బట్టి నాకు తోచింది ఏమిటంటే, క్లైబర్న్ ఓట్లను ఒక చోటి నుంచి మరో చోటికి మళ్లించలేదు. ఎవరికి వారు గుట్టుగా వేసుకుంటున్న అంచనా తమ ఒక్కరిదే కాదని, ఊరంతా అదే అనుకుంటోందని ఆయన బాహాటంగా చెప్పారు. పొరుగువాడి ఓటును బట్టి తన ఓటు వేసేవారికి అన్నిటికన్నా అవసరమైన సమాచారం అదే.

సాయంత్రం కాల్హన్ వీధిలో నడిచాను. నిన్న చర్చ జరిగిన గెయిలార్డ్ సెంటర్, 2015 జూన్ 17న బైబిలు పఠనానికి కూర్చున్న తొమ్మిది మందిని ఒక తెల్లజాతి దురహంకారి కాల్చి చంపిన ఎమాన్యుయేల్ చర్చి, రెండూ ఈ వీధిలోనే నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. వీధికి పేరిచ్చిన జాన్ కాల్హన్ బానిసత్వాన్ని మేలైన వ్యవస్థగా సమర్థించిన నాయకుడు. పక్కనున్న మేరియన్ స్క్వేర్‌లో ఎత్తైన స్తంభం మీద అప్పుడు ఆయన విగ్రహం ఉండేది, 2020 జూన్‌లో దాన్ని దించేశారు. కాల్పులు జరిగినప్పటికి బైడెన్ పెద్ద కొడుకు పోయి నెల కూడా కాలేదు, అయినా 2015 జూన్ చివరి ఆదివారం ప్రార్థనకు ఈ చర్చికి వచ్చి కూర్చున్నారు. ఈ రాత్రి ఛార్లెస్టన్‌లో జరిగిన టీవీ సభలో, ఆ కాల్పుల్లో భార్యను పోగొట్టుకున్న పాస్టర్ ఒకరు అడిగిన ప్రశ్నకు ఆయన దుఃఖం గురించే చాలాసేపు మాట్లాడారు. ఎన్నికల వ్యూహం రాసేవాళ్లు దీన్ని ఏ పద్దులో వేస్తారో నాకు తెలియదు. కాఫీ దుకాణంలో గుడ్డ పక్కన పెట్టిన మనిషి మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకున్నాడనే అనుకుంటున్నాను.

నాలుగో రోజు: ఫిబ్రవరి 27, గురువారం

కూపర్ నది మీది పెద్ద వంతెన దాటితే మౌంట్ ప్లెజెంట్. చక్కటి ఇళ్లు, పడవలు, కాలేజీ చదువులున్న తెల్లవారి శివారు. దశాబ్దాలుగా రిపబ్లికన్ల కోట అయిన ఈ ఒకటో నియోజకవర్గాన్ని 2018లో జో కన్నింగ్‌హామ్ అనే యువ డెమోక్రాట్ స్వల్ప తేడాతో గెలిచాడు. సముద్రంలో చమురు తవ్వకాలకు అడ్డుపడతానన్నది అతని ముఖ్యమైన హామీ. ఆ ఏడాది దేశమంతటా డెమోక్రాట్లు కొత్తగా గెలిచిన దాదాపు నలభై సీట్లలో అధికభాగం ఇటువంటి శివార్లవే. శాండర్స్ అభ్యర్థి అయితే తన సీటుకు చేటని కన్నింగ్‌హామ్ దాచకుండానే చెబుతున్నాడు.

ఈ రాష్ట్రంలో ఓటరు ముందుగా పార్టీ పేరు నమోదు చేసుకోనక్కరలేదు, ఎవరైనా ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు. పైగా రిపబ్లికన్ పార్టీ ఈసారి ఇక్కడ అధ్యక్ష ప్రైమరీనే రద్దు చేసుకుంది. కుక్కను తిప్పడానికి బయటికి వచ్చిన ఒకామె, జీవితంలో మొదటిసారి డెమోక్రటిక్ ప్రైమరీలో ఓటు వేయబోతున్నానని చెప్పింది. ఎవరికి అని అడిగితే, బూటిజెజ్ నచ్చాడని, కానీ “ఇక్కడి నల్లవాళ్లు ఆయనకు వేయరట కదా” అని, అందువల్ల శనివారం దాకా చూస్తానని అంది. ఆరెంజ్‌బర్గ్ టీచరమ్మ వీధి చివరి తెల్లాయన కేసి చూస్తోంది, ఈమె వంతెన అవతలి చర్చిల కేసి చూస్తోంది. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఈ ఇద్దరూ ఒక్క పేరు దగ్గర కలుస్తున్నారు.

మధ్యాహ్నం జార్జ్‌టౌన్ వెళ్లాను. నేను కోనసీమలో పుట్టినవాణ్ని, అందుకని ఈ భాగం కాస్త ఎక్కువ రాస్తే క్షమించాలి. ఒకప్పుడు అమెరికా వరికి రాజధాని ఈ ప్రాంతం. నదుల మొగల్లో ఆటుపోట్ల నీటిని కట్టలు వేసి, చెక్క తూములతో పొలాలకు ఎక్కించి దించే పద్ధతిలో ఇక్కడ వరి పండింది, ఆ విద్య తెలిసిన పశ్చిమాఫ్రికా తీరపు మనుషులను బానిసలుగా తెచ్చి ఆ చాకిరీ చేయించారు. ఊళ్లోని గడియారపు స్తంభం కింద వరి మ్యూజియం ఉంది. అందులో తూము నమూనా చూడగానే మా ఊరి బోదె గుర్తొచ్చింది, ఆ వెంటనే ఇక్కడి కట్టలు ఎవరి చేతులతో వేయించారో గుర్తొచ్చి మనసు ముడుచుకుపోయింది. మిషెల్ ఒబామా పూర్వీకులు ఈ కౌంటీలోని ఒక వరి తోటలో బానిసలుగా బతికినవారే. ఒబామా పక్కన ఎనిమిదేళ్లు రెండో స్థానంలో, ఎక్కడా పోటీ పడకుండా నిలబడటం ఇక్కడివారి దృష్టిలో బైడెన్‌కు ఎంత పెద్ద ఆస్తో, బైటివారికి ఒక్కసారిగా అర్థం కాదు. “తెల్లవాడు నల్లవాడి కింద ఎనిమిదేళ్లు నమ్మకంగా పనిచేయడం నేను చూసింది అదొక్కసారే” అని మ్యూజియం బయట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

అయిదో రోజు: ఫిబ్రవరి 28, శుక్రవారం

జార్జ్‌టౌన్‌లో ఎక్కిన 521వ నంబరు రోడ్డు మానింగ్, సమ్టర్ ఊళ్ల మీదుగా ఉత్తరానికి సాగి, చివరికి మా ఇండియన్ ల్యాండ్ దాటి షార్లట్ చేరుతుంది. మానింగ్ ఉన్న క్లారెండన్ కౌంటీలో, నల్లజాతి పిల్లలు మైళ్ల దూరం నడవలేక పోతున్నారు, ఒక్క బడి బస్సు ఇప్పించండని తల్లిదండ్రులు 1940ల చివర్లో అడిగారు. ఇవ్వలేదు. అలా మొదలైన కేసు, 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కలిసిన అయిదు కేసుల్లో ఒకటయింది.

బస్సు అన్న మాట బైడెన్‌కు ఇబ్బందికరమైనది. జాతుల కలయిక కోసం పిల్లలను బస్సుల్లో వేరే పేటల బడులకు పంపాలన్న కోర్టు ఆదేశాలను ఆయన 1970లలో సెనేటర్‌గా వ్యతిరేకించారు. దాని మీద 2019 జూన్ చర్చలో కమలా హారిస్ నిలదీసినప్పుడు ఆయన తడబడ్డారు. మానింగ్‌లో పెట్రోలు పోయించుకుంటూ, నాతో మాట కలిపిన ఒక లారీ డ్రైవరును ఇదే అడిగాను. అతను కొంచెంసేపు ఆలోచించి, “ఆయన తప్పులు మాకు తెలుసు. కొత్తవాళ్ల తప్పులు ఇంకా తెలియదు” అన్నాడు. నాకది పూర్తిగా తృప్తినివ్వలేదు. మధ్యేమార్గి కూటమి మూల్యం చెల్లించేది చాలాసార్లు ఇటువంటి సర్దుబాటుతోనే, ఆ సర్దుబాటు చేసుకునేది ఎప్పుడూ ఒకే పక్షం వారు కావడం న్యాయమా అన్నది ఆ రోజంతా నన్ను వదల్లేదు.

సమ్టర్ క్లైబర్న్ పుట్టిన ఊరు. పెద్దగా ఆగలేదు. దారి పొడుగునా మరో అభ్యర్థి టామ్ స్టెయర్ ప్రకటనలు కనిపించాయి. కోట్ల డాలర్లు కుమ్మరించిన ఆ కుబేరుడు ఆ రాత్రి కొలంబియాలో ఒక కాలేజీ వేదిక మీద రాప్ పాటకు చిందులు వేశాడు. ఆ వీడియో చూసి మాస్టారు నవ్వలేదు, “పాపం” అన్నారంతే.

ఆరో రోజు: ఫిబ్రవరి 29, శనివారం

ఉదయం కొలంబియాలో మూడు పోలింగు కేంద్రాల బయట తిరిగాను. వరుసల్లో పెద్ద వయసువారే ఎక్కువ. శాండర్స్ నమ్మకం కొత్త ఓటర్ల మీద, అంటే ఇంతవరకు బూత్ ముఖం చూడని యువత మీద ఉంటే, బైడెన్ నమ్మకం ఎండైనా వానైనా వచ్చి ఓటు వేసే ఈ పెద్దల మీద ఉంది. మొదటిదానిలో కల పెద్దది. రెండోదానిలో హాజరు పట్టీ నిండుగా ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో కరోనాతో ఒక మనిషి చనిపోయినట్టు ఆ రోజే ప్రకటన వచ్చింది, కానీ బూత్‌ల బయట జనం ఇంకా చేతులు కలుపుకుంటూ, కావలించుకుంటూనే ఉన్నారు.

సాయంత్రం ఏడు గంటలకు పోలింగు ముగిసింది. మాస్టారి ఇంట్లో మేము టీవీ పెట్టేలోపే బైడెన్ గెలిచినట్టు ప్రకటించేశారు. 48 శాతానికి పైగా ఓట్లు, మొత్తం 46 కౌంటీలూ ఆయనవే. శాండర్స్‌కు దాదాపు 20 శాతం, స్టెయర్‌కు 11 శాతం వచ్చాయి, 15 శాతం దాటనివారికి పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు దక్కరు గనుక 54 మందిలో 39 మంది బైడెన్‌కు, 15 మంది శాండర్స్‌కు పోయారు. ఓటు వేసి వచ్చినవారిని అడిగిన సర్వే ప్రకారం నల్లజాతి ఓటర్లలో 61 శాతం మంది బైడెన్‌కు వేశారు, దాదాపు సగం మంది ఓటర్లు క్లైబర్న్ మాట తమ నిర్ణయంలో ముఖ్యమైనదని చెప్పారు. యువతలో మాత్రం బైడెన్ అంత బలంగా లేరు, ఆరెంజ్‌బర్గ్ కుర్రవాడి ప్రశ్న ఆ అంకెల్లో అలాగే మిగిలి ఉంది. ఆ ప్రశ్నకు కొంత జవాబు మే నెలలో, బైడెన్, శాండర్స్ కలిసి ఆరు ఉమ్మడి కార్యబృందాలు వేసినప్పుడు గాని మొదలు కాలేదు.

“ఇప్పుడు మిగతావాళ్లు ఏం చేస్తారో చూడు” అన్నారు మాస్టారు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

మార్చి 3, మంగళవారం, షార్లట్

మిగతావాళ్లు చేసింది నేను ఊహించినదానికన్నా చాలా త్వరగా జరిగిపోయింది. ఆదివారం బూటిజెజ్ తప్పుకున్నాడు. సోమవారం క్లోబుచార్ తప్పుకుంది, ఆ రాత్రి టెక్సస్‌లోని డల్లాస్‌లో ఇద్దరూ బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. న్యూ హాంప్‌షైర్‌లో మాస్టారు కాగితం మీద కూడిన అంకెలు, మూడు రోజుల్లో నిజంగానే ఒక్క పేరు కింద చేరాయి.

ఉదయం వెళ్లి ఓటు వేశాను. వైదొలగినవారి పేర్లు కూడా జాబితాలో అలాగే ఉన్నాయి. చివర, ఏ అభ్యర్థిపైనా మొగ్గు లేదని చెప్పుకునే వీలు కూడా ఉంది. పాతికేళ్ల క్రితం అమెరికాకు వచ్చిన కొత్తలో మేము మినెసోటాలో ఉన్నాం గనుక, ఆ రాష్ట్ర సెనేటర్ క్లోబుచార్ అంటే నాకు మొదటి నుంచీ అభిమానం. ఆమె పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, బైడెన్‌కు వేశాను.

రాత్రి ఫలితాలు చూస్తూ కూర్చున్నాం. పద్నాలుగు రాష్ట్రాల్లో పది బైడెన్‌వయ్యాయి. మా రాష్ట్రంలో ఆయనకు 43 శాతం, శాండర్స్‌కు 24 శాతం వచ్చాయి. వందల మిలియన్ల డాలర్లు ఖర్చు పెట్టిన బ్లూమ్‌బర్గ్‌కు ఆ పద్నాలుగింటిలో ఒక్కటీ రాలేదు, పసిఫిక్‌లోని అమెరికన్ సమోవా దీవులు మాత్రం దక్కాయి. క్లోబుచార్ మాట మీద మినెసోటా కూడా బైడెన్ వైపే వచ్చిందని చెప్పగానే మా ఆవిడ టీవీ శబ్దం తగ్గించి నా వైపు తిరిగింది.

“నేను క్లోబుచార్‌కే వేశానండీ.”

“ఎప్పుడు? ఆమె నిన్ననే తప్పుకుంది కదా?”

“గురువారం. మీరు ఆ వరి మ్యూజియంలో ఉన్నామని ఫోన్ చేశారే, అప్పుడే లైబ్రరీలో ముందస్తు ఓటు వేసి బయటికి వస్తున్నాను. ఆరు రోజులు ఊరూరా తిరిగి ఎవరు ఎవరికి వేస్తారో అందరినీ అడిగి వచ్చారు. ఇంట్లో ఒక ఓటు ఉందని గుర్తు రాలేదు మీకు.”